ఎందుకో కూడా చెప్పాలి

లిఫ్టాయన ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో జనాన్ని అడిగింది ఒకటే ప్రశ్న. "ఎన్నో అంతస్తు?" అంతకు మించి అడిగే అవసరమూ రాలేదు, అడిగితే చెప్పే తీరికా ఎవరికీ లేదు. ఏడంతస్తుల ఆఫీసు భవనం, ఇనుప జాలీ తలుపున్న పాత లిఫ్టు, మూలన ఒక స్టూలు. ఆ స్టూలు మీదికి నల్లజుట్టుతో ఎక్కి తెల్లజుట్టుతో దిగాడు. లిఫ్టులోకి వచ్చినవాళ్లు ఆయన ముందే ఇంటి గొడవలు చెప్పుకునేవారు, పై అధికారిని నోరారా తిట్టుకునేవారు. స్టూలుకీ ఆయనకీ తేడా ఉందని వాళ్లకు తోచేది కాదు. ఆయన కూడా దానికి బాధపడేవాడు కాదు. నోట్లో నాలుక లేని మనిషని ఇంట్లో భార్యా, బయట లోకమూ తీర్మానించేశాక ఇక బాధపడి ఏం లాభం?

చివరికి ఎవరికి కావలసిన మీట వాళ్లే నొక్కుకునే లిఫ్టు వచ్చింది. ఆయన్ను దండ వేసి ఇంటికి పంపారు. ఇంటికొచ్చిన రెండో ఏడు కాళ్లు వాచాయి, మొహం ఉబ్బింది, తిండి చూస్తే వాంతి వచ్చేది. రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయని డాక్టరు చెప్పాడు. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు, ఒంట్లోని రక్తాన్ని యంత్రంలోకి పంపి కడిగించుకుని మళ్లీ ఒంట్లోకి ఎక్కించుకోవాలి. మంగళ, గురు, శనివారాలు. ఉదయం ఏడు గంటల బ్యాచి. ఐదో నంబరు మంచం. బతికున్నన్నాళ్లూ అంతే.

అందుకోసం ముందుగా ఎడమ చేతి మణికట్టు దగ్గర చిన్న ఆపరేషన్ చేసి రెండు రక్తనాళాలను కలిపి కుట్టారు. ఆ చోట నరం లావుగా ఉబ్బింది. వేలు పెడితే పిల్లి ఒంటి మీద చెయ్యి వేసినట్టు గురగురలాడుతుంది. చెవి ఆనిస్తే జుమ్మని హోరు వినిపిస్తుంది. సూదులు గుచ్చడానికి ఉన్న దారి అదొక్కటే. సిస్టరు మొదటి రోజే వేళ్లు మడిచి మరీ అప్పజెప్పింది. "ఈ చేత్తో బరువు ఎత్తొద్దు. ఈ చేతికి బీపీ పట్టీ కట్టించుకోవద్దు. ఈ చెయ్యి కింద పెట్టుకుని పడుకోవద్దు. పొద్దున లేవగానే చెవి దగ్గర పెట్టుకుని వినండి. ఏ రోజైనా చప్పుడు లేకపోతే మొహం కూడా కడుక్కోకుండా ఇక్కడికి పరుగెత్తుకు రండి."

అప్పటినుంచి ఆయన రోజూ లేవగానే మణికట్టు చెవికి ఆనించుకునేవాడు. వంటింట్లోంచి భార్య కేకేసేది. "మోగుతోందా?" "మోగుతోంది." ఆ ఇంట్లో పగలు ఆ మాటతో మొదలయ్యేది.

ఆరో నంబరు మంచం మీద ఒక అమ్మాయి ఉండేది. ఇరవై తొమ్మిదేళ్లు. ఒళ్లు బాగున్నప్పుడు ఐదేళ్లు కస్టమర్ కేర్‌లో పనిచేసింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరికో ఏదో పాడైపోతే ఆ తిట్లు తను తినే ఉద్యోగం. వార్డులో అందరూ ఆమెను కస్టమర్ కేర్ అనే పిలిచేవారు. యంత్రం చప్పుడు చేస్తే చాలు, గొంతు మార్చి, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము, దయచేసి లైన్లో ఉండండి," అనేది. కోపంతో ఊగిపోతూ వచ్చే సిస్టరు కూడా నవ్వకుండా ఉండలేకపోయేది. ఇంట్లో ఆమె, ఆమె తల్లి, అంతే. తల్లి ఇంటి దగ్గరే కర్టెన్లు కుట్టి కూతుర్ని సాకేది.

మొదటి వారమంతా లిఫ్టాయన పైకప్పు చూస్తూ గడిపాడు. రెండో వారం ఆ అమ్మాయికి ఓపిక నశించింది.

"బాబాయ్, మూడు రోజుల్నుంచి చూస్తున్నా. ఆ ఫ్యాను మీకేమైనా బాకీ ఉందా? పాట వింటారా?"

"నాకు పాటలు తెలియవమ్మా."

"తెలియకపోతేనేం, చెవులున్నాయిగా." ఇయర్‌ఫోన్ వైరు ఆయన మంచం దాకా అందలేదు. సిస్టరును బతిమాలి మంచాన్ని జానెడు జరిపించుకుంది. ఒకటి తన చెవిలో, ఒకటి ఆయన చెవిలో. "ఇక్కడొక రూలుంది బాబాయ్. రోజుకు నాదొక పాట, మీదొక పాట. ఏం వింటున్నామో చెబితే చాలదు, ఎందుకో కూడా చెప్పాలి. 'బాగుంటుంది కాబట్టి' అన్నది కారణం కిందికి రాదు."

"ఎవరు పెట్టారమ్మా ఈ రూలు?"

"నేనే. ఇప్పుడే."

ఆమె మొదట పెట్టిన పాట డప్పులతో చెవులు అదరగొట్టేసింది. కారణమేమిటంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దమనిషి ఆమెను ఫోన్లో నలభై నిమిషాలు తిట్టాడట. ఆయన పెట్టేశాక ఈమె బాత్రూంలోకి వెళ్లి గడియ వేసుకుని, ఈ పాట పెట్టుకుని గెంతిందట. కింది అంతస్తు వాళ్లు ఏం కూలిందోనని పైకి పరుగెత్తుకొచ్చారట. లిఫ్టాయనకు నవ్వొచ్చింది. ఎంత నవ్వొచ్చిందంటే చెయ్యి కదిలి యంత్రం కీచుమంది. సిస్టరు వచ్చి ఇద్దరినీ చెడామడా కడిగేసింది.

తన వంతు వచ్చేసరికి ఆయనకు దిక్కుతోచలేదు. ఆయనకు పాటలు తెలియకపోవడం కాదు, తెలిసినవన్నీ ముక్కలే. ఏ అంతస్తులోనైనా పాట వస్తుంటే, జాలీ తలుపు తెరిచి మూసేలోపు ఎంత చెవిన పడితే అంతే ఆయన పాట. తక్కింది లిఫ్టు కదిలిపోయాక ఎవరికో వినిపించేది. మూడో అంతస్తులో ఒక ఫొటో స్టూడియో ఉండేది. అక్కడ రేడియోలో అప్పుడప్పుడూ ఒక పాట వచ్చేది. అందులో ఒక్క ముక్క ఆయనకు ప్రాణం. దాని మొదలేమిటో, చివరేమిటో తెలియదు. మాటలూ తెలియవు. ఒక ఆడగొంతు పైకి ఎక్కి, అక్కడ కాస్త ఆగి, మెల్లగా మెట్లు దిగినట్టు దిగుతుంది. అంతే తెలుసు.

"కూనిరాగం తీయండి," అంది.

ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. నాలుగోసారికి గొంతు పెగిలింది. ఆమె దాన్ని ఫోన్లో పట్టుకుంది. రెండు వారాలు తన స్నేహితులకు, పాత ఆఫీసువాళ్లకు, ముక్కూమొహం తెలియనివాళ్లకు వినిపించి, చివరికి ఎక్కడో ఎవరి పెట్టెలోనో పడున్న ఆ పాటను పట్టుకొచ్చింది. గురువారం ఉదయం ఇద్దరూ మొదటినుంచి చివరిదాకా విన్నారు. ఆయన ఊపిరి బిగబట్టి విన్నాడు. అయిపోయాక నసుగుతూ అన్నాడు.

"నాకు తెలిసిన ముక్కే బాగుందమ్మా. తక్కిందంతా మామూలుగానే ఉంది."

ఆ అమ్మాయి కళ్లవెంట నీళ్లొచ్చేలా నవ్వింది. "రెండు వారాలు ఊరంతా గాలించాను బాబాయ్! సరే, ఎందుకు ఇష్టమో చెప్పండి."

"మూడో అంతస్తులో అది వస్తోందంటే తలుపు వెయ్యడం కొంచెం ఆలస్యం చేసేవాణ్ణి. పైన ఎవరో గంట మీద గంట కొట్టేవాళ్లు. కొట్టనీ అనుకునేవాణ్ణి. ముప్పై నాలుగేళ్లలో నేను చేసిన దొంగతనం అదొక్కటే."

ఆమె నవ్వడం మానేసి ఆయన వైపు చూసింది. అలా ఆయన్ను ఎవరైనా చూసి ఎంతకాలమైందో ఆయనకే గుర్తు లేదు.

అలా పది నెలలు గడిచాయి. ఉద్యోగం రోజుల్లో ఒకసారి కరెంటు పోయి లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య గంటసేపు ఆగిపోతే, లోపల ఉన్న బ్యాంకు ఆవిడ పాడిన రెండు లైన్లు ఆయన వినిపించాడు. ఎందుకంటే ఆవిడకు భయం, ఆయనకూ భయం, ఆయనకు పాడటం రాదు గనక ఆవిడే ఇద్దరి తరఫునా పాడింది. ఆ అమ్మాయి ఒకనాడు ఒక ఏడుపు పాట పెట్టింది. వాళ్ల నాన్న ఇల్లు విడిచి వెళ్లిపోయిన రోజు పక్కింట్లో అది వస్తోందట. "అప్పట్నుంచీ ఆ పాటంటే నాకు ఒళ్లుమంట. ఈమధ్యే మళ్లీ వింటున్నా. పాపం, అదేం చేసింది బాబాయ్? అది పక్కింట్లో ఉంది, అంతే." డయాలసిస్ రోజులంటే భయపడే లిఫ్టాయన శనివారం మధ్యాహ్నం ఇంటికి రాగానే మంగళవారం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు.

"నాతో ముప్పై ఐదేళ్లుగా మాట్లాడందంతా సూదులు గుచ్చాక మాట్లాడుతున్నారు," అంది భార్య. "ఆ ముక్క తెలిస్తే నేనే ఎప్పుడో గుచ్చేదాన్ని." అలా అంటూనే, ఆయన మెట్లెక్కి చెప్పులు విప్పీ విప్పకముందే అడిగేది. "ఇవాళ ఏం పెట్టింది? ఎందుకట?" ఆయన చెప్పేవాడు. ఆవిడ పొయ్యి తగ్గించి మరీ వినేది. కస్టమర్ కేర్ పుణ్యమా అని ఆ ఇంట్లోనూ మాటలు పుట్టాయి.

పదో నెలలో ఆ అమ్మాయి చిక్కిపోతూ వచ్చింది. తల్లి కిడ్నీ సరిపోదని తేలింది. ఇచ్చేవాళ్ల కోసం రాసుకున్న జాబితాలో ఆమె పేరు ఎక్కడో అడుగున ఉంది. దానికి తోడు నిద్ర కరువైంది. "కళ్లు మూస్తే కాళ్లలో చీమలు పాకుతాయి బాబాయ్. లేచి తిరుగుతా. మళ్లీ పడుకుంటా. మూడు నెలలైంది ఒక గంట ఏకబిగిన పడుకుని." కళ్ల కింద గుంటలు పడ్డాయి. యంత్రం చప్పుడు చేసినా గొంతు మార్చి పలకడం మానేసింది. ఆమె అలా అయిపోవడం ఆయన చూడలేకపోయాడు. సొంత కూతురుంటే ఇలాగే ఉంటుంది కాబోలు ఈ బాధ అనుకున్నాడు. వాళ్లకు పిల్లలు లేరు.

ఆదివారం ఆయనకు ఏడో అంతస్తు గుర్తొచ్చింది. అక్కడ ఒక పళ్ల డాక్టరు ఉండేవాడు. బయట గదిలో దవడ పట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నవాళ్ల కోసం వేణువు పెట్టేవాడు. మాటల్లేవు, తాళం లేదు, ఒకటే గాలి. లిఫ్టు తలుపు తీసేసరికి కుర్చీల్లో సగం మంది గుర్రుపెడుతూ కనిపించేవారు. ఆదివారమంతా భార్యాభర్తలిద్దరూ ఫోను ముందేసుకుని వేణువులన్నీ వెతికారు. "ఇది కాదు, ఇంకా మెల్లగా ఉండాలి," అని ఆయన, "ఇదిగో, నాకే నిద్రొస్తోంది," అని ఆవిడ. చివరికి దొరికింది. అదేనో, దాని తోబుట్టువో. నలభై నిమిషాలుంది.

సోమవారం తెల్లవారగానే పంపాడు. డయాలసిస్ లేని రోజుల్లో పొద్దున్నే ఒకరికొకరు పాట పంపుకోవడం అప్పటికే అలవాటు. కారణం కూడా మాటల్లో పెట్టి పంపాలి కదా, మూడుసార్లు తడబడి నాలుగోసారి చెప్పాడు. "అమ్మా, ఇది వింటే నిద్ర పడుతుంది. పళ్ల నొప్పితో ఉన్నవాళ్లకే పట్టింది. నీకూ పడుతుంది. కదలకుండా పడుకుని విను. ఇందుకే పంపుతున్నాను."

ఆ రోజు ఆమె నుంచి జవాబు రాలేదు. "చూశావా, పడుకుంది," అని భార్యతో గొప్పగా చెప్పుకున్నాడు.

మంగళవారం ఏడింటికి ఇద్దరూ మంచాలెక్కారు. సూదులు గుచ్చే ముందు సిస్టరు ఎప్పటిలాగే ఆ అమ్మాయి మణికట్టు మీద వేళ్లు పెట్టింది. కాస్త పైకి జరిపింది. కాస్త కిందికి జరిపింది. తరువాత స్టెతస్కోపు ఆనించి కళ్లు మూసుకుంది. పది మంచాల మీదా మాటలు ఆగిపోయాయి. అది ఏమిటో అక్కడ తెలియనివాళ్లు లేరు.

"ఎప్పట్నుంచి లేదు?"

"ఆదివారం ఉంది సిస్టర్. నిన్న... నిన్న చెవి దగ్గర పెట్టుకోలేదు. ఇవాళ ఎలాగూ ఇక్కడికే కదా అని చూసుకోలేదు."

"పెట్టుకోకపోవడమేంటి? బుద్ధుందా నీకు?"

"నిన్న లేవగానే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకున్నా. బాబాయ్ పాట పంపాడు. వింటూ వింటూ మళ్లీ నిద్రపోయా." ఆయన వైపు తిరిగి నవ్వింది. "నిజంగా పడుకున్నా బాబాయ్!"

"ఏ పక్కకు పడుకున్నావు?"

"తెలీదు సిస్టర్. లేచేసరికి చెయ్యి తిమ్మిరెక్కింది."

ఆ అమ్మాయి నవ్వులో నింద లేదు. ఉండుంటే బాగుండేదని తరువాత ఆయన చాలాసార్లు అనుకున్నాడు.

డాక్టర్లు రెండు రోజులు ప్రయత్నించారు. ఆ దారి మూసుకుపోయింది, తెరుచుకోలేదు. మెడ పక్కన గొట్టం వేశారు. శనివారం ఆమె ఆ గొట్టంతో ఆరో మంచం మీదికి వచ్చింది. "చూడండి బాబాయ్, ఇప్పుడు రెండు చేతులూ ఖాళీ. డాన్స్ కూడా చెయ్యొచ్చు." ఇయర్‌ఫోన్ చాపింది. "తలనొప్పిగా ఉందమ్మా," అన్నాడు ఆయన. మంగళవారం కూడా తలనొప్పే. గురువారం కూడా. ఆమె నాలుగోసారి అడగలేదు, వైరు చుట్టుకుని దిండు కింద పెట్టేసుకుంది. ఆ మూడు రోజులు ఎందుకు తీసుకోలేదా అని తరువాత ఆయన కుమిలింది ఒకటి రెండు రోజులు కాదు.

మరుసటి మంగళవారం ఆమె మంచం మీద వణకడం మొదలుపెట్టింది. మూడు దుప్పట్లు కప్పినా పళ్లు టకటక కొట్టుకున్నాయి. గొట్టం దారిన రక్తంలోకి విషం చేరిందన్నారు. పై అంతస్తుకు తీసుకుపోయారు. తొమ్మిది రోజులకు పోయింది. ఆరో మంచం మీద కొత్త దుప్పటి పరిచారు. దాని మీద ఎవరో ఒక లావుపాటాయన వచ్చి పడుకుని, ఫ్యాను వంక చూస్తూ ఉండిపోయాడు.

లిఫ్టాయన మధ్యాహ్నం బ్యాచికి మారిపోయాడు. ఇంట్లో రేడియో పెట్టనిచ్చేవాడు కాదు. వీధిలో పాట వినిపిస్తే కిటికీ మూసేవాడు. నా పాటే ఆ పిల్లను చంపిందా? ఆయనకు కావలసింది ఆ ఒక్క జవాబే. ఒకరోజు తెగించి, సిస్టరు ముందే పెద్ద డాక్టరును అడిగేశాడు. జీవితంలో ఆయన వేసిన రెండో ప్రశ్న అదేనేమో. డాక్టరు మంచివాడు. ఆగి చెప్పాడు. "చెయ్యి కింద పడితే ఆగిపోతుంది. బీపీ తగ్గినా ఆగిపోతుంది. ఏమీ కాకపోయినా ఒక్కోసారి ఆగిపోతుంది. ఇదే కారణమని ఎవరూ చెప్పలేరండి. మీరు మనసులో పెట్టుకోకండి." అందులో 'చెయ్యి కింద పడితే' అన్నది ఒక్కటే ఆయన మనసులో పెట్టుకున్నాడు. తక్కింది అక్కడే వదిలేసి వచ్చాడు.

"ఆ వేణువు వెతికిచ్చింది నేనే కదా," అంది భార్య ఒకనాడు ఉండబట్టలేక. "మీరు హంతకులైతే నేనెవర్ని మరి?" ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ ఆ ఇంట్లో ఇద్దరు మూగవాళ్లు మిగిలారు.

రెండు నెలల తరువాత ఒక గురువారం మధ్యాహ్నం, యంత్రం మొదలైన గంటకు, వార్డు తలుపు దగ్గర ఒకావిడ నిలబడి సిస్టరుతో ఏదో మాట్లాడుతూ కనిపించింది. సిస్టరు ఆయన మంచం చూపించింది. ఆ అమ్మాయి తల్లి. లిఫ్టాయనకు లేచి పారిపోదామంటే చేతిలో రెండు సూదులు. కళ్లు మూసుకుని నిద్ర నటిద్దామనుకున్నాడు. అంతలోనే ఆవిడ స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. మనిషి సగమైపోయింది. వేళ్ల చివర సూది గుచ్చుకున్న మచ్చలు నల్లగా ఉన్నాయి.

"బాగున్నారా అన్నయ్యగారూ?"

"అమ్మా..." అన్నాడు. ఇక దాచుకోలేకపోయాడు. "అమ్మా, ఆ పాట పంపింది నేనే."

"తెలుసండీ."

"నిద్ర పట్టాలనే పంపాను. మీ బిడ్డ మీద ఒట్టు, ఇంకేం లేదు. అది వింటూ..."

"అదీ విన్నాను. ఎందుకు పంపారో చెప్పారుగా. దాని ఫోన్లో మీ గొంతుంది." ఆవిడ చీర కొంగును ఒళ్లో మడతలు పెడుతూ, విప్పుతూ కూర్చుంది. "మీరు మీ పాట వల్లే అనుకుని కుమిలిపోతున్నారని సిస్టరమ్మ నిన్న బజార్లో కనిపించి చెప్పింది. రాత్రంతా నాకు ఒకటే ఆలోచన. ఆయన అలా ఉంటే నేను ఊరుకోకూడదు అనుకున్నా. అందుకే వచ్చా."



"ఆ సోమవారం ఏడింటికి దాన్ని లేపడానికి వెళ్లాను అన్నయ్యగారూ. పడుకునుంది. చెవుల్లో అవి ఉన్నాయి. ఎడమ చెయ్యి బుగ్గ కింద ఉంది."

యంత్రం తిరుగుతోంది.

"చూశాను. నాకు తెలుసు. కింద పెట్టుకోకూడదని సిస్టరమ్మ దానికెంత చెప్పిందో నాకూ అంతే చెప్పింది. మెల్లగా లాగుదామని చెయ్యి చాపాను కూడా. కదిలిస్తే లేచేస్తుంది. లేచిందంటే మళ్లీ ఎన్నాళ్లకో. మూడు నెలలుగా నా పిల్ల పడుకోవడం నేను చూడలేదు. ఇంకో ఐదు నిమిషాలు పడుకోనీలే అనుకున్నా. తర్వాత ఇంకో ఐదు. వెలుతురు పడుతోందని మందపాటి కర్టెన్ లాగేశా. చప్పుడవుతుందని మిషను ఆపేసి, పని పక్కన పెట్టేసి గుమ్మంలో కూర్చున్నా. పదింటికి అదే లేచింది. చెయ్యి విదిలించుకుంటోంది, తిమ్మిరెక్కిందని. చెవి దగ్గర పెట్టుకున్నావా అని అడగలేదు నేను. అడిగితే ఏం చెబుతుందోనని భయమేసింది. రేపు ఆసుపత్రికి వెళ్తుందిగా, అక్కడ చూస్తారులే అనుకున్నా." "ఎవరికీ చెప్పలేదు. దానికి కూడా చెప్పలేదు. మీది కాదు అన్నయ్యగారూ, ఆ తప్పు. నాది."

రెండు నెలలుగా ఏ మాట కోసం ఆయన కొట్టుకుపోతున్నాడో ఆ మాట వచ్చి ఎదురుగా కూర్చుంది. నీది కాదు అంటోంది. తేలికపడాలి కదా. పడలేదు. ఆయన బాధ ఆయన దగ్గరే ఉంది, ఆవిడది కూడా వచ్చి పక్కన చేరింది. మీ తప్పేం లేదమ్మా అందామని నోటిదాకా వచ్చింది. ఆ మాట తనకు డాక్టరు చెప్పాడు, భార్య తన పద్ధతిలో చెప్పింది. ఎవరు చెప్పినా చెవి దాటి లోపలికి పోలేదు. ఈవిడకూ పోదు. అది ఆయనకు బాగా తెలుసు.

ఆయన తల ఆవిడ వైపు తిప్పి అడిగాడు.

"బాగా పడుకుందా అమ్మా?"

ఆవిడ తలెత్తింది. ఇన్నాళ్లలో ఆ మాట ఆవిడను ఎవరూ అడగలేదు.

"పడుకుంది అన్నయ్యగారూ. నోరు తెరుచుకుని పడుకుంది, చిన్నప్పట్లా. దిండంతా చొంగ."

"కాళ్లు ఆడించలేదా?"

"లేదు. ఒక్కసారి కూడా లేదు. సన్నగా గురక కూడా పెట్టింది. మధ్యలో ఏదో అంది, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు. నవ్వు మొహంతో అంది."

ఆయన కళ్లనుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. ఖాళీగా ఉన్న చెయ్యి చాపి ఆవిడ చేతిని పట్టుకున్నాడు.

"ఇంకా చెప్పమ్మా," అన్నాడు.

ఆవిడ స్టూలు దగ్గరగా జరుపుకుంది. ఏడింటి నుంచి పదింటిదాకా, గుమ్మంలో కూర్చుని తను చూసిందంతా, ఒక్కటీ వదలకుండా చెప్పడం మొదలుపెట్టింది.